ఇంట్లో కట్టిన టియర్‌డ్రాప్ ట్రైలర్: లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోవడం

కారు వెనక తగిలించుకుని వెళ్లే, పక్క నుంచి చూస్తే నీటిబొట్టులా కనిపించే చిన్న ట్రైలర్‌ను అమెరికాలో టియర్‌డ్రాప్ అంటారు. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు, అంతే. 1930లలోనే ఇవి రోడ్డెక్కాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చేతిపనుల పత్రికలు వీటి నమూనాలు అచ్చు వేస్తే జనం ఇళ్లలోనే కట్టుకున్నారు. ఇప్పటికీ గ్యారేజీల్లో కడుతూనే ఉన్నారు. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న ప్లైవుడ్ రేకుల కొలతే చాలావాటికి ఆధారం.

మాది డాలస్ శివార్లలో సెకండ్ హ్యాండ్‌గా కొన్నది. కట్టినాయన రిటైరైన వడ్రంగి. చెక్కపని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. వైరింగ్ చూశాక ఆ చేతులే తల మీదికి వెళ్లాయి. ఇంట్లో కట్టిన బండికి కంపెనీ డయాగ్రం ఉండదు. ఏ వైరు ఎటు పోతుందో కట్టినవాడి తలలోనే ఉంటుంది. అందుకే లక్షణం నుంచి వెనక్కి వెళ్లడం తప్ప దారి లేదు.

కావలసిన సరంజామా: ఒక మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, రెండు చివర్లా క్లిప్పులు బిగించిన 20 అడుగుల వైరు. మూడోది చవకైనదే కానీ నాకు ఎక్కువ పని చేసిపెట్టింది అదే. వైర్లు విప్పి బిగించే ముందు బయటి కరెంటు ప్లగ్గు పీకేయండి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

లక్షణం: ఎడమ ఇండికేటర్ వేస్తే కుడి దీపం కూడా మిణుకుమంటుంది, బ్రేకు తొక్కితే వెనక దీపాలు మసకబారతాయి

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మా బావమరిది కారులో కూర్చుని ఒక్కొక్కటే వేస్తున్నాడు, నేను వెనక నిలబడ్డాను. "బావగారూ, ఎడమది వేశాను." ఎడమది వెలిగింది. దానితో పాటు కుడిది కూడా, దెయ్యం పట్టినట్టు, సగం వెలుతురుతో. దీపాలు పాడయ్యాయనుకుని రెండూ మార్చాను. కొత్తవీ అదే ఆట ఆడాయి.

కారణం: ఎర్తు. దీపం దాకా వెళ్లిన కరెంటు తెల్ల వైరు గుండా వెనక్కి రావాలి. ఆ దారి మూసుకుపోతే పక్క దీపపు ఫిలమెంటు గుండానో, ట్రైలర్‌ను కారుకు తగిలించే హిచ్‌లోని బాల్‌కూ దాని టోపీకీ మధ్యనున్న తుప్పూ గ్రీజూ దాటో రావడానికి చూస్తుంది. కాబట్టి ఒక దీపం లోపం ఇంకో దీపంలో కనిపిస్తుంది. వింతగా ప్రవర్తించే లైట్లన్నిటికీ నేను ముందు అనుమానించేది తెల్ల వైరునే.

నిర్ధారణ: పొడుగు వైరు ఒక చివర కారు వైపు సాకెట్లోని తెల్ల వైరు పిన్నుకు, రెండో చివర దీపం ఎర్తుకు తగిలించండి. దీపాలు బుద్ధిగా వెలిగితే దొంగ దొరికినట్టే. మీటరుంటే దీపాలు వెలుగుతుండగా అవే రెండు చోట్ల మధ్య వోల్టేజి చూడండి. 0.1, 0.2 దాకా పరవాలేదు. ఒక వోల్టు చూపిస్తే దారిలో ఎక్కడో ఆటంకం ఉంది.

పరిష్కారం: మా బండిలో ఎర్తు స్క్రూను ఫ్రేము మీద రంగు గీకకుండానే బిగించారు. రింగు కింద నల్లటి పెయింటు చెక్కుచెదరలేదు; స్క్రూ మరలు తాకినంత మేరే కరెంటుకు దారి. ఉప్పుకాగితంతో లోహం తళతళలాడేదాకా రుద్ది, రింగు టెర్మినల్‌ను పళ్ల వాషరుతో బిగించి, పైన గ్రీజు పూశాను. ఓపిక ఉంటే ప్రతి దీపానికీ విడిగా తెల్ల వైరు లాగండి. ఫ్రేమును నమ్ముకుంటే తుప్పు పట్టినప్పుడల్లా మళ్లీ ఇదే పని.

లక్షణం: ఎడమది వేస్తే కుడిది, లేదా ఇండికేటర్ వేస్తే పార్కింగ్ దీపాలు

కారణం: రంగులను నమ్మడం. కారు వైరింగ్‌నూ ట్రైలర్ వైరింగ్‌నూ కలిపే 4 పిన్నుల కనెక్టరులో తెలుపు ఎర్తు, గోధుమ వెనక దీపాలు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. 7 పిన్నులదానికి క్యాంపింగ్ వాహనాలవాళ్లు వాడే రంగుల వరుసలో ఆకుపచ్చ వెనక దీపాలకు, ఎరుపు ఎడమకు, గోధుమ కుడికి. ఒక పద్ధతి కారుకు రెండో పద్ధతి ట్రైలర్‌ను కలిపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదం నల్ల వైరుతో. అమెరికా ఇళ్లలో నలుపంటే 120 వోల్టుల కరెంటు ఉన్నది. 12 వోల్టుల ఫ్యానులోనో పంపులోనో అదే నలుపు నెగటివ్. 7 పిన్నుల కనెక్టరులో మళ్లీ అదే నలుపు పాజిటివ్. మా వడ్రంగిగారు మూడు అర్థాల్లోనూ నల్ల వైరు వాడారు.

పరిష్కారం: టెస్ట్ ల్యాంపుతో ఒక్కొక్క పిన్నూ పరీక్షించి, ప్రతి వైరుకూ రెండు చివర్లా పేరు రాసిన టేపు చుట్టండి. ఇండికేటర్, బ్రేకు దీపాలు విడివిడిగా ఉన్న కారైతే వాటిని కలిపి పంపే కన్వర్టరు కావాలి. నాలుగు పిన్నుల ట్రైలర్‌లో రెంటికీ ఒకటే దీపం.

లక్షణం: రోజంతా కారు నడిపినా ట్రైలర్ బ్యాటరీ నిండదు, రాత్రి ఫ్రిజ్ ఆగిపోతుంది

డాలస్ నుంచి పాలో డ్యూరో లోయకు దాదాపు ఆరు గంటల ప్రయాణం. వెళ్లి దిగేసరికి బ్యాటరీ నిండుగా ఉంటుందని ధీమాగా ఉన్నాను. తెల్లారేసరికి ఫ్రిజ్ చచ్చి, పెరుగు పులిసి ఉంది.

మొదట కనెక్టరు చూడండి. 4 పిన్నులదైతే అందులో ఛార్జింగ్ వైరే లేదు, ఎంత దూరం నడిపినా ఫలితం సున్నా. 7 పిన్నులదైతే ఇంజిను నడుస్తుండగా ఆ పాజిటివ్ పిన్ను మీద వోల్టేజి ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో దాని ఫ్యూజో రిలేనో మనమే పెట్టుకోవాలి.

వోల్టేజి ఉండి కూడా ఛార్జి కాకపోతే సన్నటి వైరును అనుమానించండి. గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. మా దాంట్లో ఉన్నది 16 గేజి. కారు బ్యాటరీ నుంచి ట్రైలర్ బ్యాటరీకి 25 అడుగులు, తిరిగి రావడానికి 25. మొత్తం 50 అడుగుల 16 గేజి రాగి వైరుకు నిరోధం సుమారు 0.2 ఓమ్. కారు ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తోంది, ఛార్జవుతున్న బ్యాటరీ 13 దగ్గర ఉంది అనుకుందాం. ఆ ఒక్క వోల్టు తేడాతో వచ్చేది 5 ఆంపియర్లు. నడుస్తున్నప్పుడు ఫ్రిజ్ నాలుగైదు ఆంపియర్లు లాగేస్తుంది. ఇక బ్యాటరీకి మిగిలేదేమిటి? అదే 10 గేజి వేస్తే నిరోధం నాలుగో వంతుకు తగ్గుతుంది.

వైరు మార్చాక కూడా కొత్త కార్లలో చిక్కు ఉంది. పెట్రోలు ఆదా కోసం వాటి ఆల్టర్నేటర్ వోల్టేజి తగ్గించుకుంటుంది. అప్పుడు ట్రైలర్‌లో డీసీ-డీసీ ఛార్జరు పెట్టడమే మేలు. వచ్చిన వోల్టేజిని పెంచి బ్యాటరీకి తగినట్టు ఇస్తుంది. అయితే అది లాగే కరెంటు ఎక్కువ. వైరు దానికి తగ్గ మందంలో ఉండాలి, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజు ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 0 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఛార్జి చేయకూడదు. ఉత్తర టెక్సస్ చలికాలపు రాత్రుల్లో ఇది ఉత్తుత్తి హెచ్చరిక కాదు.

ఇంకో మాట. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని కాసేపు ఛార్జి చేయకుండా, వాడకుండా ఉంచి కొలిస్తే 12.6 అంటే నిండుగా, 12.2 అంటే సగం. 12 చూసి "పన్నెండు వోల్టుల బ్యాటరీకి పన్నెండు ఉంది కదా" అని సంతోషించకండి.

లక్షణం: వెనక తలుపు ఎత్తగానే వంటగట్టు దీపం ఆరిపోతుంది, లేదా ఫ్యూజు పోతుంది

కారణం: కీలు దగ్గర వైరు ప్రతిసారీ ఒకేచోట మడతపడి, లోపలి తీగలు తెగడం లేదా తొడుగు అరిగి లోహాన్ని తాకడం. ముందు అన్ని స్విచ్చులూ ఆపేయండి. బ్యాటరీ తిరిగి కలిపి, పోయిన ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు పెట్టండి. అది ప్రకాశంగా వెలిగితే షార్టు ఇంకా ఉన్నట్టు. తలుపు మెల్లగా ఎత్తి దించుతూ, వైరు కదుపుతూ పోండి. ఎక్కడ ల్యాంపు ఆరితే అక్కడే గాయం. సన్న తీగల అల్లిక ఉన్న మెత్తటి వైరు వేసి, కీలు దగ్గర ఒక వదులు మెలిక వదలండి. రేకు దాటే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తొడగండి.

పెద్ద ఫ్యూజు వేసి చేతులు దులుపుకోకండి. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, వైరును. 14 గేజికి 15, 12 గేజికి 20, 10 గేజికి 30 ఆంపియర్లు మించకూడదు. చుట్టూ ఉన్నది ప్లైవుడ్, మీరు నిద్రపోయేది దాని లోపల.

లక్షణం: ఇంటి గ్యారేజీలో ప్లగ్గు పెట్టగానే రక్షణ సాకెట్ (కరెంటు లీకైతే ఆపేసే GFCI) ట్రిప్ అవుతుంది

ట్రైలర్‌లో ఒక్క స్విచ్చు వేయకముందే ట్రిప్ అయితే, లోపల న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేసి ఉండొచ్చు. ఇంటి మెయిన్ బోర్డులో అవి కలవాలి, ట్రైలర్ బోర్డులో కలవకూడదు. ప్లగ్గు పీకేసి ట్రైలర్ ప్లగ్గులోని ఆ రెండు పిన్నుల మధ్య మీటరును కంటిన్యుటీ (వైరు కలిసి ఉంటే మోగే) స్థానంలో పెట్టండి; మోగితే లోపల వాటిని కలిపిన జంపరు వైరు తీయించాలి. 120 వోల్టుల పని చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇందులో నామోషీ లేదు. ఇంట్లో 30 ఆంపియర్ల క్యాంపింగ్ సాకెట్ పెట్టిస్తుంటే అది 120 వోల్టులదని రెండుసార్లు చెప్పండి. బట్టలు ఆరబెట్టే యంత్రానిదనుకుని 240 ఇస్తే ట్రైలర్‌లో ఉన్నవన్నీ ఒక్క దెబ్బకు కాలిపోతాయి.

లక్షణం: పొద్దున లేచేసరికి గోడలు తడి

వాన పడని రాత్రి కూడా తడిస్తే అది మీ ఊపిరే. పైన గవాక్షం కాస్త తెరిచి పడుకోండి. వాన పడ్డప్పుడే తడిస్తే వెనక తలుపు కీలు, పైకప్పు స్క్రూలు చూడండి. సిలికాన్ పూయకండి, తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు. బ్యూటైల్ టేపు వేసి బిగించండి.

లక్షణం: గంటకు 60 మైళ్ల వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది

ఎడ్లబండి ఎరిగినవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. బరువు వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి. ఇక్కడ నొగ స్థానంలో ఉన్నది హిచ్. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాని మీద పడాలి. 1,200 పౌండ్ల ట్రైలర్‌కు 120 నుంచి 180 పౌండ్లు. బాత్రూం తూకం మీద దిమ్మ పెట్టి, ట్రైలర్‌ను మట్టంగా ఉంచి మూతిని ఆనించి చూడండి. మాది 80 చూపించింది. వంటగట్టు కింద ఉన్న బ్యాటరీని ముందరి పెట్టెలోకి మార్చాను. ఊపు తగ్గింది, పైగా ఛార్జింగ్ వైరు ఎనిమిది అడుగులు కురచయింది. బ్యాటరీని ఇలా జరిపితే దాని ఫ్యూజును కూడా వెంట తీసుకెళ్లండి. అది పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఉండాలి, పాత చోట వదిలేయకూడదు.