తక్కువ ఖర్చుతో క్రిస్మస్ అలంకరణ

క్రిస్మస్‌కు ఇల్లు అలంకరించడానికి బజారులోని తళుకు సామానంతా కొనవలసిన పని లేదు. గుమ్మానికి ఒక నక్షత్రం, గదిలో ఒక సరుగుడు కొమ్మ, దాని కింద యేసు పుట్టిన చోటును తలపించే చిన్న పశువుల పాక ఉంటే పండుగ కళ వచ్చేస్తుంది. వీటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నక్షత్రం మీదనే. వీధిన పోయేవారికి ముందుగా కనబడేది అదే కదా.

నక్షత్రానికి రెండడుగుల పొడవున్న పది సన్నని వెదురు బద్దలు కావాలి. ఐదేసి బద్దలను ఐదు మొనల చుక్కగా పేర్చి, మొనలనూ, బద్దలు ఒకదానినొకటి దాటే చోట్లనూ దారంతో గట్టిగా బిగించాలి. ఇలా తయారైన రెండు చట్రాలను జతచేసి మొనల దగ్గర కట్టిన తరువాత, మధ్యలోని ఐదు కూడళ్లలో బెత్తెడు పుల్లలను ఆ రెండు చట్రాల నడుమ నిలబెట్టి కడితే, నక్షత్రం ఉబ్బి లోపల బల్బుకు చోటు ఏర్పడుతుంది. గాలిపటాల కాగితాన్ని ఉడికించిన మైదా జిగురుతో అంటించాలి. జిగురు మరీ పలచనైతే కాగితం నాని చిరుగుతుంది. బల్బు మార్చుకోవడానికీ, వేడి బయటికి పోవడానికీ వెనుకవైపు ఒక మొనను మూయకుండా వదలాలి. పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉంది కనుక 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి. రాత్రి మంచుకు తడవకుండా చూరు కిందనే వేలాడదీయడం మంచిది.

సరుగుడు కొమ్మను తడి ఇసుక నింపిన బకెట్టులో నిలిపి, ఇసుక ఆరిపోకుండా రోజూ నీళ్లు చల్లాలి. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దాని దరిదాపుల్లో కొవ్వొత్తి వెలిగించరాదు. రంగు కాగితాల గొలుసులు, నాలుగు బంతిపూలు దానికి చాలు. మిణుకుమిణుకుమనే సీరియల్ లైట్లు ఎక్కువైతే, నా దృష్టిలో, కొమ్మ అందమే మరుగున పడుతుంది.

పాకకు అట్టపెట్టె, వరిగడ్డి సరిపోతాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో క్రైస్తవ సాధువు అసిసీ ఫ్రాన్సిస్ ఏర్పాటుచేసిన పాకలో ఉన్నవి కూడా గడ్డి, ఎద్దు, గాడిదలే. పండుగకు వారం, పది రోజుల ముందే వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే, పాక ముందు పచ్చని పొలం సిద్ధమవుతుంది. కతోలిక కుటుంబాలలో చాలామంది బాలయేసు బొమ్మను డిసెంబరు 24 రాత్రి వరకు తొట్టిలో ఉంచరు. జనవరి 6న ముగ్గురు జ్ఞానుల పండుగ అయ్యాక అలంకరణ తీసివేసి, నక్షత్రం కాగితాన్ని ఒలిచి, వెదురు చట్రాన్ని మాత్రం అటక మీద దాచుకుంటే, మరుసటి ఏడు కొనవలసింది కాగితమే.