యుద్ధంలో కాక వేరే కారణంతో చనిపోయిన జవాను: ఇంటివాళ్ళు పెన్షన్ కాగితాలు ఎలా చూసుకోవాలి

నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ జవాను పోయినా కాగితాల సంచీ నా అరుగు మీదికే వస్తుంది. తూటా తగిలి పోయినవాడి ఇంటికి కలెక్టరు, ఎమ్మెల్యే అందరూ వస్తారు. ట్రక్కు లోయలో పడి పోయినవాడి ఇంటికీ, నిద్రలో గుండె ఆగినవాడి ఇంటికీ బాడీతో పాటు ఓ జేసీవో (సుబేదారు స్థాయి అధికారి), ఇద్దరు జవాన్లు వస్తారు, మర్నాడు వెళ్ళిపోతారు. ఆ జేసీవో బయల్దేరేలోపు యూనిట్ హెడ్ క్లర్కు ఫోన్ నంబరు రాయించుకోండి. ఏడుపుల మధ్య ఎవరికీ గుర్తుండదు, అందుకే ముందే చెబుతున్నా.

పెన్షన్ ఎంతొస్తుందన్నది మరణ కారణం గడిలో ఏం రాశారన్నదాని మీదే నడుస్తుంది. ఏ (A) నుంచి ఈ (E) దాకా ఐదు కేటగిరీలు. ఏ అంటే సర్వీసుతో సంబంధం లేని మరణం. దానికి ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్: చివరి జీతంలో మొదటి 10 ఏళ్ళు 50 శాతం, తర్వాత 30. బీ అంటే సర్వీసు వల్ల వచ్చిన, లేదా ముదిరిన జబ్బు. సీ అంటే డ్యూటీలో ప్రమాదం. ఈ రెంటికీ స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. డీ (D), ఈ (E) అనేవి ఉగ్రవాదులకూ యుద్ధానికీ సంబంధించినవి, వాటికి పూర్తి జీతం. జీతం 40,000 అనుకోండి. స్పెషల్ అయితే 24,000. ఆర్డినరీ అయితే 20,000తో మొదలై, సరిగ్గా పిల్లలు కాలేజీకొచ్చే వేళకి 12,000కి దిగుతుంది. డీఏ దాని మీద. డ్యూటీలో ప్రమాదమైతే 2016 నుంచి కేంద్రం ఎక్స్‌గ్రేషియా 25 లక్షలు. ఎత్తైన సరిహద్దు పోస్టుల్లో మంచు, వాతావరణం వల్ల పోతే 35. సియాచిన్‌లో 2016 ఫిబ్రవరిలో సోనం పోస్టు మీద మంచు విరిగిపడి 10 మంది పోయారు, వాళ్ళలో మన కర్నూలు జిల్లా జవానూ ఉన్నాడు. అక్కడ శత్రువు ఒక్క తూటా పేల్చలేదు.

కాబట్టి మొదటి నెలలో కారణానికి సాక్ష్యం పోగెయ్యండి. పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా, బయట జరిగితే ఎఫ్‌ఐఆర్. యూనిట్ వేసే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో ఏం తేల్చారో కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆర్టీఐ వెయ్యండి. లీవులో ఊళ్ళో బైకు మీద పోతే సర్వీసుతో సంబంధం లేదంటారు, అక్కడ గెలవడం కష్టం. కానీ యూనిట్ నుంచి ఇంటికొచ్చే దారిలోనో, తిరిగెళ్ళే దారిలోనో పోతే, అది ఆర్మీ ఖర్చు మీద ప్రయాణమైతే, డ్యూటీ కిందే లెక్క. రైలు టికెట్, వారెంటు (ఆర్మీ ఇచ్చే ప్రయాణ పత్రం), లీవు సర్టిఫికెట్ పారెయ్యకండి. గుండెపోటైతే పోయే ముందు 14 రోజులు ఏం డ్యూటీ చేశాడో ఆ చార్టర్ ఆఫ్ డ్యూటీస్ చూస్తారు. రాత్రి గార్డులూ ఎక్సర్‌సైజులూ అందులో ఎక్కాయో లేదో అతని తోటివాళ్ళని అడిగి కనుక్కోండి.

ఆత్మహత్య అయితే ఇంట్లోవాళ్ళు దాచాలని చూస్తారు. వద్దు. 2001 నుంచి ఏటా సగటున 100 నుంచి 140 మంది ఇలా పోతున్నారని 2023 అక్టోబరులో ఆర్మీయే ప్రకటనలో చెప్పింది. గౌరవ వందనం ఉండదు, అది 1967 నుంచీ ఉన్న ఉత్తర్వు. అయినా ఆర్థిక సాయం ఆగదు. లీవు అడిగితే ఇవ్వలేదన్న మెసేజీలుంటే ఫోన్ రీసెట్ చెయ్యకుండా దాచండి.

నాలుగేళ్ళ సర్వీసుకి చేరే అగ్నివీర్‌కి పెన్షన్ లేదు. 48 లక్షల ఇన్సూరెన్సు ఎలా పోయినా వస్తుంది, ఇంకో 44 లక్షలు మాత్రం మరణం సర్వీసు వల్లే అని తేలితేనే. మళ్ళీ అదే గడి.

ఇక అత్తాకోడళ్ళ గొడవ. పెన్షన్ ముందు భార్యది. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్సు మాత్రం నామినీది. పెళ్ళికి ముందు అమ్మ పేరు రాసి మార్చని కుర్రాళ్ళు బోలెడుమంది. పెళ్ళి పార్ట్ టూ ఆర్డర్లో (జవాను వివరాలు ఆర్మీ రికార్డుకెక్కించే కాగితం) ఎక్కలేదంటే భార్య ఫైలు అక్కడే ఆగుతుంది. మీవాడు ఇప్పుడు సర్వీసులో క్షేమంగా ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి ఈ రెండూ అడగండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఉత్తరం అందిన 6 నెలల్లో మొదటి అప్పీలు, తర్వాత రెండోది, ఆ పైన సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మనకి చెన్నై బెంచ్. చేరేటప్పుడు ఫిట్ అని తీసుకుని, జబ్బొచ్చాక సర్వీసుకి సంబంధం లేదని కారణం చెప్పకుండా తోసెయ్యడం కుదరదని సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. అది డిసెబిలిటీ పెన్షన్ కేసే, అయినా జబ్బుతో పోయినవాళ్ళ అప్పీల్లో ఆ తీర్పు తప్పక రాయండి.

ఉత్తరాలు యూనిట్‌కి కాదు, రికార్డ్ ఆఫీసుకి: ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, ఈఎంఈ (బళ్ళూ ఆయుధాలూ రిపేరు చేసే విభాగం) అయితే సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. పైన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. ఒక కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. స్పీడ్ పోస్టు రసీదు ఆ కాపీకే పిన్ను కొట్టండి.