వరంగల్‌ల ఉండి సెర్బియా ఫుట్‌బాల్ ఫాలో అయ్యుడెట్ల: లీగ్ తర్వాత, ముందు కప్

సెర్బియా ఫుట్‌బాల్ చూసుడు మొదలుపెడదామనుకునేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే, లీగ్ టేబుల్ ముందట వేసుకోని కూసోకుండ్రి, కప్ నుంచి, అంటే ఓడితే ఇంటికే అనే నాకౌట్ టోర్నీ నుంచి షురూ చెయ్యిండ్రి. ఎందుకంటే ఆడ టాప్ లీగ్‌ల 1998ల ఒబిలిచ్ అనే రాజధాని బెల్‌గ్రేడ్ క్లబ్ గెలిచింది, ఆ తర్వాత 2025 దాంక టైటిల్ రెండే క్లబ్బుల చేతులల్ల తిరిగింది, రెడ్ స్టార్ లేకపోతే పార్టిజాన్, అందులగూడ 2018 నుంచి 2025 దాంక ఎనిమిదిసార్లు వరుసగ రెడ్ స్టారే. కొత్తగ చూసేటోనికి అండ్ల ఏం మజా దొరుకుతది చెప్పుండ్రి. కప్ అట్ల కాదు, 2013ల యగోదినా, 2014ల వోయ్‌వోదినా, 2015ల చుకారిచ్కి, మూడేండ్లు వరుసగ ఆ పెద్ద క్లబ్బులు రెండిట్ల ఒక్కటిగూడ కప్పు లేపలే. ఈ ముచ్చట తెల్సినంకనే నాకు ఆ దేశం ఫుట్‌బాల్ మీద మనసు పడ్డది.

మన హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు పోరగాళ్లు ప్రీమియర్ లీగ్, లా లిగా బాగనే చూస్తరు, సెర్బియా అంటే మాత్రం జొకోవిచ్ పేరు దాంకనే ఎరుక. గాని మన హైదరాబాద్‌కు ఆ దిక్కు ఫుట్‌బాల్‌తోని పాత లెక్క ఉన్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌ల మన ఇండియా టీమ్ ఆడింది యుగోస్లావియా మీదనే, సెర్బియా అప్పుడు ఆ దేశంలనే ఒక భాగం, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, సికింద్రాబాద్ పిలగాడు తులసీదాస్ బలరాం గూడ ఆ ఒలింపిక్ టీమ్‌ల ఉండె. సెకండ్ హాఫ్‌ల నెవిల్ డిసౌజా గోల్ కొట్టి మనోళ్లు 1-0 ముందుకు పోయిన్రు, అటెన్క వాళ్లు నాలుగు కొట్టి 4-1 గెలిచిన్రు. దానికి ముందు 1952 హెల్సింకీల అయితే అదే యుగోస్లావియా మనల్ని 10-1తోని ఓడగొట్టింది, నాలుగేండ్లల్ల పది గోల్స్ తిన్న టీమ్ సెమీఫైనల్‌ల ముందుండెదాంక వచ్చిందంటే రహీం సాబ్ ఎంత పని చేసిండో సోచాయించుండ్రి. దగ్గరి ముచ్చట కావాలంటే 2022 ఐఎస్ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీలల్ల కేరళ బ్లాస్టర్స్‌ని కొట్టి కప్పు గెలిచిన మ్యాచ్, కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు గుర్తుంటది, ఆ రోజు కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ సెర్బియా ఆయననే, ఆడే రోజులల్ల రెడ్ స్టార్‌కు గూడ ఆడిండు.

ఇగ పనిల వడదాం. ముందుగాల పెద్దోళ్లిద్దర్ని తెల్సుకోవాలె, తప్పదు. రెడ్ స్టార్ 1945 మార్చ్‌ల పుట్టింది, ఎరుపు తెలుపు, వాళ్ల భాషల త్సర్వెనా జ్వెజ్దా అంటరు, స్టేడియం పేరు రైకో మిటిచ్ గాని జనం పిలిచేది మరకానా అనే, యాభై వేల మంది పడతరు. పార్టిజాన్ అదే ఏడు అక్టోబర్‌ల పుట్టింది, నలుపు తెలుపు, అది అప్పటి యుగోస్లావియా ఆర్మీ క్లబ్, అందుకే దాని స్టేడియాన్ని ఇప్పటికి గూడ పాతోళ్లు జేఎన్ఏ అంటరు, మన హనుమకొండల జేఎన్ఎస్ అన్నట్టే. ఈ రెండు స్టేడియాల నడుమ కిలోమీటర్ గూడ ఉండది. వీళ్లిద్దరి మ్యాచ్‌ని ఎటర్నల్ డెర్బీ అంటరు, మొదటిది 1947 జనవరిల అయ్యింది, రెడ్ స్టార్ 4-3 గెలిచింది. రెడ్ స్టార్ ఫ్యాన్స్ పేరు దెలియే, వాళ్లు నార్త్ స్టాండ్‌ల ఉంటరు, పార్టిజాన్ ఫ్యాన్స్ గ్రోబారి, వాళ్లది సౌత్ స్టాండ్. మొదట్ల ఈ నాలుగు పేర్లు వస్తే సాలు, మిగతయి చూస్తుంటె వస్తయి.

తర్వాత చెయ్యవల్సిన పని, నా లెక్కల ఇదే అన్నిట్లకెల్ల ముఖ్యం, మూడో క్లబ్ ఒకటి ఎంచుకోవాలె. బెల్‌గ్రేడ్ ఇద్దర్ల ఒకర్ని పట్టుకుంటే గెలుస్తనే ఉంటరు గాని ఆ దేశం ఫుట్‌బాల్ మీకు సగమే కనవడ్తది. నేనైతే వోయ్‌వోదినా చెప్త. దానూబ్ నది ఒడ్డున నోవీ సాద్ అనే పట్నం ఉంటది, 1914ల పెట్టిన క్లబ్, పెద్ద యుగోస్లావియా ఉన్నప్పుడే 1966ల, 1989ల లీగ్ గెలిచింది. 1989ల ఆ టీమ్ కోచ్ ల్యూప్కో పెత్రోవిచ్, టీమ్‌ల సినిషా మిహాయ్లోవిచ్, ఈ ఇద్దరే రెండేండ్లకు రెడ్ స్టార్‌తోని యూరోపియన్ కప్ గెలిచిన్రు. కప్ విషయంల మాత్రం ఈ క్లబ్ పడ్డ గోస మామూల్ది కాదు. సెర్బియా విడిగ దేశమైనంక మొట్టమొదటి కప్ ఫైనల్ 2007ల రెడ్ స్టార్ చేతుల 2-0 ఓడిన్రు, 2010ల మళ్ల వాళ్ల చేతులనే 3-0. 2011ల పార్టిజాన్ మీద 2-1 ఎనక ఉన్నప్పుడు రిఫరీ మీద కోపంతోని 83వ నిమిషంల టీమంత గ్రౌండ్ ఇడిసి ఎల్లిపొయ్యింది, మ్యాచ్ పార్టిజాన్‌కు రాసిచ్చిన్రు. 2013ల ఫైనల్ వచ్చింది, ఎదురుంగ రెడ్ స్టార్ లేదు పార్టిజాన్ లేదు, యగోదినా అనే చిన్న ఊరి క్లబ్, ఇగ ఈసారి మనదే అనుకున్నరు గావచ్చు, దాంట్లగూడ 1-0 పొయ్యింది. మరుసటేడు మళ్ల అదే యగోదినా మీద అదే ఫైనల్, ఈసారి 2-0 గెలిచి కప్పు లేపిన్రు, ఆ టీమ్‌ల పందొమ్మిదేండ్ల పోరడు ఒకడుండె, తర్వాత ఇటలీ క్లబ్ లాజియోల అంత పేరు తెచ్చుకున్న సెర్గేయ్ మిలింకోవిచ్ సావిచ్ ఆయననే. 2020ల నిష్ పట్నంల ఫైనల్, పార్టిజాన్ మీద 2-2, పెనాల్టీలల్ల వోయ్‌వోదినా గెలిచింది. ఇట్లాంటి కథ ఒక్కటి చేతుల పట్టుకుంటే ఏ మ్యాచ్ చూసినా అర్థముంటది.

చిన్న క్లబ్ కావాల్నంటే చుకారిచ్కి ఉన్నది, బెల్‌గ్రేడ్‌లనే ఒక బస్తీ క్లబ్, 2015 ఫైనల్‌ల పార్టిజాన్‌నే 1-0 కొట్టింది. ఉత్తరాన బాచ్కా తోపోలా అనే చిన్న ఊరిది టీఎస్సీ, 2023ల లీగ్‌ల రెండో ప్లేస్ తెచ్చుకోని యూరోపా లీగ్ గ్రూప్ స్టేజ్ దాంక పొయ్యింది. కాజీపేట రైల్వే ఇండ్లల్ల పెరిగినోళ్లయితే పాంచెవో ఊరి జెలెజ్నిచార్‌ని పట్టుకోండ్రి, అది రైల్వే కార్మికుల పేరు మీద ఉన్న క్లబ్.

స్కోర్లు చూపెట్టే యాప్‌ల చూసేటప్పుడు ఒక్కటి జర పైలం. ఆడ ఒకే పేరుతోని చానా క్లబ్బులుంటయి, రాద్నిచ్కి అని కొడితే నిష్ రాద్నిచ్కి వస్తది, క్రాగుయెవాత్స్ రాద్నిచ్కి వస్తది, ఇంకా కింది లీగ్‌లల్ల ఎన్నో వస్తయి. మ్లదొస్త్, బోరాత్స్, స్లొబోదా గూడ అంతే. అందుకని క్లబ్ పేరు కాదు, పక్కన ఊరి పేరు చూసి స్టార్ గుర్తు కొట్టుండ్రి, లేకపోతే ఎవల్దో స్కోర్ చూసి మీరు ఖుషీ అయితరు. ఇంకోటి, సెర్బియా ఫెడరేషన్ పోస్టులు, టీవీ స్కోర్ బోర్డులు కొన్నిసార్లు సిరిలిక్ అక్షరాలల్ల ఉంటయి. భయపడే పని లేదు, నాలుగైదు అక్షరాలు పట్టుకుంటె సాలు. ఇంగ్లిష్ సి లెక్క కనవడేది స, పి లెక్క కనవడేది ర, హెచ్ లెక్క కనవడేది న, బి లెక్క కనవడేది వ. అంటే బితోని మొదలైన పేరు కనవడితే అది వోయ్‌వోదినా కావచ్చు. పార్టిజాన్ మొదటి అక్షరమైతే మన ఖిలా వరంగల్ తోరణం లెక్కనే ఉంటది, రెండు స్తంభాలు పైన ఒక అడ్డం, ఒక్కసారి చూస్తే మర్వరు.

కప్ ఎట్ల నడుస్తదంటే, మొదటి రౌండ్‌ల 32 టీమ్‌లు. టాప్ లీగ్ క్లబ్బులు, దాని కింద సెకండ్ డివిజన్ ప్ర్వా లిగా క్లబ్బులు, ఇంకా కిందికెళ్లి ప్రాంతాల వారీగ కప్‌లు గెలిచి వచ్చినోళ్లు. ఒక్కటే మ్యాచ్, ఓడితే ఇంటికే. తొంభై నిమిషాలకు సమానమైతే ఎక్స్‌ట్రా టైమ్ లేదు, సీదా పెనాల్టీలు. ఈ రూలే చిన్న క్లబ్‌కు పాణం పోస్తది, తొంభై నిమిషాలు గోల్ తినకుండ గోడ కట్టుకోని నిలవడితే ఎంత పెద్ద టీమైనా పెనాల్టీ దాంక రావాల్సిందే. కింది లీగ్ నుంచి ఫైనల్ దాంక వచ్చిన క్లబ్బులు గూడ ఉన్నయి, 2009ల సెవోయ్నో అట్లనే సెకండ్ డివిజన్ల ఆడుకుంట ఫైనల్‌కు వచ్చి పార్టిజాన్ చేతుల 3-0 ఓడింది. అట్లని ఎప్పుడు చిన్నోళ్లే గెలుస్తరని చెప్తలేను, 2016 నుంచి 2019 దాంక నాలుగు కప్‌లు పార్టిజాన్‌వే, 2021 నుంచి 2024 దాంక నాలుగు రెడ్ స్టార్‌వే. అందుకే ఫైనల్ ఒక్కటే చూస్తే లాభం లేదు, మొదటి రెండు మూడు రౌండ్లల్లనే అసలు ఆట ఉంటది.

టైమ్ మనకు బాగనే కలిసొస్తది. ఎండకాలం వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ఎనక, సలికాలం నాలుగున్నర గంటలు ఎనక, మారేది మార్చ్ ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. మొదటి రౌండ్లు వానకాలం పొయ్యే టైంకు వస్తయి, ఎక్కువ వారం నడుమ, చిన్న గ్రౌండ్లల్ల చానా మ్యాచ్‌లు పగటీలే పెడ్తరు, ఆడ మధ్యాన్నం రెండంటే మనకు సాయంత్రం అయిదున్నర, కాలేజీ ఇడిసిపెట్టినంక ఛాయ్ తాగుకుంట చూడొచ్చు. డిసెంబర్ నడిమిట్ల నుంచి ఫిబ్రవరి దాంక సలికి ఆటలు బందు, అప్పుడు యాప్‌ల ఏం రాకపోతే ఫోన్ ఖరాబైందనుకోకుండ్రి. ఫైనల్ మామూలుగ మే నెలల ఉంటది, ఆడ రాత్రి ఎనిమిదంటే మనకు పదకొండున్నర.

స్కోర్లకు సోఫాస్కోర్ గాని ఫ్లాష్‌స్కోర్ గాని ఏదైనా సరే. వీడియోలకు ఆ దేశం ఛానల్ అరేనా స్పోర్ట్ పేరు కొట్టి యూట్యూబ్‌ల ఎతుకుండ్రి, హైలైట్స్ దొరుకుతయి. ఫ్రీ స్ట్రీమ్ అని లింకులు పంపేటోళ్ల జోలికి మాత్రం పోకుండ్రి, ఆ సైట్లల్ల మ్యాచ్ కంటే వైరసే ఎక్కువ.

రికార్డులు చదివేటప్పుడు చానామంది గడబిడ అయితరు, ఎందుకంటే మూడు కాలాలున్నయి. 1947 నుంచి పెద్ద యుగోస్లావియా కప్, ఆ దేశ నాయకుడు మార్షల్ టీటో పేరు మీద, మొదటిది పార్టిజాన్ గెలిచింది. దేశం పగిలినంక 2006 దాంక సెర్బియా, మాంటెనెగ్రో కలిసున్న కప్. 2006-07 నుంచి సెర్బియా ఒక్కదాని కప్. ఒక సైట్ల ఒక క్లబ్‌కు ఏడు అని, ఇంకో సైట్ల చానా ఎక్కువ అని కనవడితే ఒకరు కడపటి కాలం లెక్క రాసిన్రు, ఇంకొకరు మూడు కలిపి రాసిన్రు అన్నట్టు. వాదులాడేముందు ఏ ఏడు నుంచి లెక్కవెట్టిన్రో చూడుండ్రి.

ఫ్యాన్స్ వీడియోలు చూస్తే గుండె జల్లుమంటది, పొగ, మంటలు, స్టేడియమంత ఒక్క గొంతు. అయితే ఆ బ్యానర్ల మీద, పాటలల్ల యుద్ధాల ముచ్చట, జాతుల ముచ్చట గూడ కొన్నిట్ల ఉంటది, ఆ దేశాలల్ల 1990లల్ల మస్తు మంది పాణాలు పొయినయి. అర్థం తెల్వని బ్యానర్‌ని డీపీ పెట్టుకోకుండ్రి, ముందు ట్రాన్స్‌లేట్ కొట్టి చదవుండ్రి.

పాత మ్యాచ్‌లు ఏవి ముందు చూడాల్నంటే, 1991 మే నెల పట్టుకోండ్రి. మే 8న బెల్‌గ్రేడ్‌ల మార్షల్ టీటో కప్ ఫైనల్, క్రొయేషియా క్లబ్ హయ్‌దుక్ స్ప్లిట్ 1-0తోని రెడ్ స్టార్‌ని ఓడగొట్టింది, ఆ దేశం నిలవడి ఆడిన ఆఖరి నిండు కప్ అదే అనొచ్చు. మూడు వారాలకు మే 29న ఇటలీల బారీ పట్నంల అదే రెడ్ స్టార్ ఫ్రాన్స్ క్లబ్ మార్సే మీద 0-0 ఆడి, పెనాల్టీలల్ల 5-3 గెలిచి యూరప్ ఛాంపియన్ అయ్యింది, ఆఖరి పెనాల్టీ పాంచెవ్ కొట్టిండు. సొంత దేశం కప్ పోగొట్టుకున్న టీమ్ యూరప్ కప్ తెచ్చింది. తర్వాత 2018 నవంబర్ మ్యాచ్, మరకానాల పావ్‌కోవ్ రెండు గోల్స్ కొడితే రెడ్ స్టార్ లివర్‌పూల్‌ని 2-0 ఓడగొట్టింది, ప్రీమియర్ లీగ్ చూసే దోస్తులకు ఫస్ట్ ఇదే చూపెట్టుండ్రి. ఆఖర్కి 2020 వోయ్‌వోదినా పెనాల్టీలు. ఈ నాలుగు మ్యాచ్‌లు అయినంక కొత్త సీజన్ కప్ డ్రా కోసం చూడుండ్రి, మీ మూడో క్లబ్‌కు మొదటి రౌండ్‌ల ఎవరు పడ్డరో చూసి ఆ ఊరు మ్యాప్‌ల ఏడున్నదో ఎతుక్కోండ్రి.