మైక్రోవేవ్‌లో జెల్ పొంగిపోతోందా, గంజిలానే ఉండిపోతోందా?

కర్రపెండలం పిండికి యాక్రిలిక్ యాసిడ్ అతికించి నీళ్లు పీల్చే జెల్ చేసే ప్రాజెక్టు మా భీమవరం లాబ్‌లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు తీసుకుంటారు, ప్రతి ఏడాదీ అవే గొడవలు.

సమస్య: బీకర్‌లోంచి పొంగి నురగలా గట్టిపడింది, నడుమంతా పసుపు.

కారణం: 30 శాతం పవర్ పెట్టాం కదా అనుకుంటాం. మామూలు ఓవెన్‌లో అది స్టవ్ మంట తగ్గించినట్టు కాదు. 800 వాట్ల మ్యాగ్నెట్రాన్, అంటే ఓవెన్‌లో తరంగాలు పుట్టించే భాగం, కొన్ని సెకన్లు పూర్తి పవర్‌తోనే నడిచి, ఆగి, మళ్లీ నడుస్తుంది, చెవి పెడితే ఆ మోత మారడం వినిపిస్తుంది కూడా. దీనికి తోడు పాలిమరైజేషన్, అంటే చిన్న అణువులు గొలుసులుగా అతుక్కునే చర్య, తన వేడి తాను పుట్టిస్తుంది, పైగా ద్రావణం చిక్కబడేకొద్దీ గొలుసుల చివర్లు ఒకదాన్నొకటి చేరి ఆగిపోవడం కష్టమై చర్య ఇంకా వేగం అందుకుంటుంది.

పరిష్కారం: 10 సెకన్లు పెట్టండి, తీయండి, గాజుకడ్డీతో కలపండి, మళ్లీ 10. కడ్డీ పైకెత్తితే తీగపాకంలా సాగిందా, ఇక ఒక్క సెకను కూడా వద్దు, ఐసు నీళ్లలో దించేయండి. అరిసెల పాకం పట్టినవాళ్లకి ఇది భలే తేలిక.

సమస్య: మధ్యాహ్నం కుదిరింది, రాత్రి అదే కొలత గంజిలా మిగిలింది.

కారణం: చీకటి పడ్డాక రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతాయి, మాకు వోల్టేజి పడిపోతుంది, దాంతో మ్యాగ్నెట్రాన్ పవరూ తగ్గుతుంది. నేను రెండు వారాలు కెమికల్స్‌నే తిట్టుకున్నాను.

పరిష్కారం: లీటరు నీళ్లు ఫుల్ పవర్‌లో 2 నిమిషాలు పెట్టి, కలిపి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి 35తో గుణించండి, అసలు వాట్లు సుమారుగా వస్తాయి. తక్కువొస్తే స్టెబిలైజర్ పెట్టుకోండి. వాట్లు సరిగ్గానే ఉంటే తప్పు ద్రావణంలో ఉండి చర్యని అడ్డుకునే ఆక్సిజన్‌ది, పావుగంట నైట్రోజన్ పంపండి. లేదా మన చెమ్మకి గడ్డకట్టిన, చర్యని మొదలుపెట్టే పర్‌సల్ఫేట్‌ది, కొత్త సీసా తెరవండి.

సమస్య: ఒక పక్క ఉడికింది, ఒక పక్క పచ్చి.

కారణం: తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అందుకే ఆరేసి సెంటీమీటర్ల దూరంలో వేడి చోట్లు ఏర్పడతాయి.

పరిష్కారం: తిరిగే పళ్లెం తీసేసి, కింద పచ్చి అప్పడాలు పరిచి కాసేపు నడపండి. ఎక్కడ ముందు పొంగితే అక్కడే వేడి, ప్రతిసారీ బీకర్ అక్కడే పెట్టండి. మూత బిగించిన సీసాలు, మండే సాల్వెంట్లు మాత్రం ఇంటి ఓవెన్‌లో పెట్టకండి. యాక్రిలిక్ యాసిడ్ తిరిగిన ఓవెన్ కాబట్టి ఆ అప్పడాలూ చెత్తబుట్టకే.