ఇంట్లో ఒకరికి ఎమ్ఎస్ ఉంటే మీ జీన్ రిపోర్ట్ ఎలా చదవాలి

అమ్మకో అన్నకో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్ఎస్, అంటే మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరని దెబ్బతీసే జబ్బు) అని తేలగానే చాలామంది జీన్ టెస్ట్ కిట్ ఆర్డర్ పెట్టేస్తారు, అది కాస్త ఆపి ముందు ఆ మనిషి మీకు ఏమవుతారో చూస్కోండి, చాలాసార్లు రిపోర్ట్ కన్నా ఈ చుట్టరికమే ఎక్కువ చెప్తుంది.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే ఛాన్స్ దాదాపు 2 శాతం, అంటే 100లో 98 మందికి రాదు. తోబుట్టువుకి ఉంటే ఓ 3 శాతం అటూఇటూ. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్ళకి 25 శాతం దాకా. ఇద్దరి డీఎన్ఏ ఒకటే కదా, అయినా నలుగురిలో ముగ్గురికి రావట్లేదంటే జీన్స్ ఒక్కటే పనిచేయట్లేదన్నట్టే.

రిపోర్ట్ ఆల్రెడీ వచ్చేసిందా, అయితే హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1*15:01 అనే లైన్ వెతకండి (కొన్ని కిట్లలో ఆ పేరు ఉండదు, ఆర్ఎస్3135388 అని ఉంటుంది, అక్కడ ఇంగ్లీష్ 'A' అక్షరం కనిపిస్తే సాధారణంగా అదే). 6వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జీన్ పని ప్రోటీన్ ముక్కల్ని పట్టుకుని టీ సెల్స్‌కి (రోగనిరోధక కణాలకి) చూపించడం, ఈ రకం ఉన్నవాళ్ళలో రిస్క్ సుమారు 3 రెట్లు. ఇక్కడే అందరూ హడలిపోతారు. 3 రెట్లు అంటే దేనికి 3 రెట్లు అని అడగాలి ముందు, 1000లో 2 ఉన్నది 6 అయిందనుకోండి, ఇంకా 994 మంది బాగానే ఉన్నట్టు కదా. పైగా హెచ్ఎల్ఏ-ఏ*02:01 ఉంటే అది రిస్క్ తగ్గించే రకం, దాన్నీ చూడండి.

మిగతా లైన్ల మీద పెద్దగా టైమ్ పెట్టకండి. 2019లో వచ్చిన పెద్ద జీన్ మ్యాప్‌లో ఎమ్ఎస్ రిస్క్‌తో ముడిపడ్డ 233 చోట్లు తేలాయి, చాలావాటి ప్రభావం విడిగా చూస్తే చాలా చిన్నది.

మార్చుకోగలిగేవి వేరే ఉన్నాయి, సిగరెట్ మానడం, విటమిన్ డి తక్కువ కాకుండా చూస్కోవడం, పిల్లలు టీనేజ్‌లో మరీ లావెక్కకుండా చూడటం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాత్ర కూడా పెద్దదే అని 2022లో గట్టిగా తేలింది గానీ అది పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ ఎప్పుడో సోకేసే ఉంటుంది, దాంతో మనం చేసేదేం లేదు.

ఈ రిపోర్ట్ చూసి జబ్బు ఉందని ఎవరూ చెప్పలేరు, దానికి ఎమ్ఆర్ఐ, అవసరమైతే వెన్నునీటి టెస్ట్ కావాలి. ఒక కన్ను తిప్పితే నొప్పి పుట్టి చూపు మసకబారినా, కాలో చెయ్యో రోజుల తరబడి మొద్దుబారినా రిపోర్ట్ పక్కన పడేసి న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్ళండి, ఇంట్లో ఎవరికి ఉందో మొదటి మాటగా చెప్పండి.