ఆఫీసు ఫోనుకు తాళం - 4వ పాఠం: ఏ యాప్ ఉండాలి, ఏది ఉండకూడదు

గత పాఠంలో ఒక ఆండ్రాయిడ్ ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మొదటి తెర మీద ఒకే చోట ఆరుసార్లు తట్టి, క్యూఆర్ కోడ్ చూపించి పూర్తిగా కంపెనీ ఆధీనంలోకి తెచ్చాం. ఆ ఫోను ఇప్పుడు మీ బల్ల మీద ఉందనుకుంటాను. ఈసారి దానిలో ఏ యాప్‌లు ఉండాలో తేలుద్దాం. కంపెనీ ఫోన్లన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే వెబ్ పేజీ అయిన కన్సోల్‌లో నొక్కవలసినవి కొన్ని మీటలే. తలనొప్పి అంతా వాటిని నొక్కడానికి ముందు ఉంటుంది.

పెళ్లికి శుభలేఖ అందినవాళ్లే రావాలనడం ఒక పద్ధతి. ఎవరైనా రావచ్చు, ఫలానా నలుగురు మాత్రం గడప తొక్కకూడదనడం రెండో పద్ధతి. యాప్‌ల విషయంలోనూ ఇంతే. మొదటిది అనుమతి జాబితా, రెండోది నిషేధ జాబితా. ఇలాంటి కన్సోళ్లు ఫోన్లతో మాట్లాడేందుకు గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ ఏపీఐలో వీటిని వైట్‌లిస్ట్, బ్లాక్‌లిస్ట్ అంటారు. మీరు ఏదీ ఎంచుకోకపోతే వైట్‌లిస్టే అమలవుతుంది.

పని కోసమే ఇచ్చిన ఫోనుకు నేనైతే అనుమతి జాబితానే పెడతాను. నిషేధ జాబితా నడిపేవారికి నిద్ర ఉండదు. ఒక ఆటను ఆపితే అలాంటివి పది ప్లే స్టోర్‌లో ఎదురుచూస్తుంటాయి. అయితే అనుమతి జాబితాకు ఒక పదునైన అంచు ఉంది. జాబితాలో లేని యాప్‌ను కొత్తగా వేసుకోనివ్వకపోవడమే కాదు, ఇప్పటికే ఉన్నదాన్ని కూడా అది తీసేస్తుంది. యాప్‌తో పాటు దానిలోని సమాచారమూ పోతుంది.

ఈ సంగతి నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. మందులు పంపిణీ చేసే ఒక సంస్థలో సేల్స్ సిబ్బంది ఫోన్లు అప్పటిదాకా నిషేధ జాబితా మీద నడిచేవి. ఒక శనివారం సాయంత్రం వాటిని అనుమతి జాబితాకు మార్చి, పని అయిపోయిందని ఇంటికి వెళ్లాను. సోమవారం పొద్దున్నే ఒక సేల్స్‌మన్ ఫోను. "సార్, దుకాణాల ఆర్డర్లు రాసుకున్న నోట్స్ కనిపించడం లేదండీ." మూడు రోజుల ఆర్డర్లు. ఆయన వాడే నోట్స్ యాప్ నా జాబితాలో లేదు, దానికి బ్యాకప్ కూడా లేదు. ఆ జాబితాను నేను ఆఫీసులో కూర్చుని, ఒక్క సేల్స్‌మన్‌నూ అడగకుండా రాశాను. ఆయన మళ్లీ ఒక్కో దుకాణమూ తిరిగి ఆర్డర్లు రాసుకున్నారు.

కాబట్టి తాళం వేసే ముందు రెండు వారాలు చూడండి. పూర్తిగా కంపెనీ ఆధీనంలో ఉన్న ఫోన్లలో ఏయే యాప్‌లు ఉన్నాయో కన్సోల్ నివేదికలో కనిపిస్తుంది. అలా చూస్తున్నామని సిబ్బందికి ముందే చెప్పండి. తర్వాత ఒక్కో వింత యాప్ గురించీ అడగండి: "ఇది దేనికి వాడుతున్నారు?" జవాబులు వింటే మీకే నవ్వు వస్తుంది. బిల్లులు పీడీఎఫ్‌గానే పంపమని మన అకౌంట్స్ వాళ్లే పట్టుబడితే, పాపం ఒక్కొక్కరూ ఒక్కో స్కానర్ యాప్ వెతుక్కుని ఉంటారు. అన్నీ తీసేసి ఊరుకోకండి. ఒక మంచి స్కానర్‌ను మీరే ఎంచి జాబితాలో చేర్చండి.

ఇక జాబితా రాయడం. ఫోనులో కనిపించే పేరుతో ఆండ్రాయిడ్‌కు పని లేదు, దానికి ప్యాకేజీ పేరు, అంటే ఆ యాప్‌కు లోపల ఉండే అసలు పేరు కావాలి. ఇన్‌స్టాగ్రామ్ అయితే కామ్.ఇన్‌స్టాగ్రామ్.ఆండ్రాయిడ్. అన్నీ ఇంత తేలిక కాదు. ఫేస్‌బుక్ ప్యాకేజీ పేరులో ఫేస్‌బుక్ తర్వాత 'కటానా' అని ఉంటుంది. మన గూగుల్ పే ప్యాకేజీ పేరులో అయితే ఏకంగా 'పైసా' ఉంది! ఊహించి రాస్తే తప్పు అవుతుంది. ప్లే స్టోర్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఆ యాప్ పేజీ చిరునామాలో 'ఐడీ=' తర్వాత ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకోండి. వాట్సాప్, వాట్సాప్ బిజినెస్ రెండు వేర్వేరు ప్యాకేజీలన్నది మరవకండి. ఒకదాన్ని ఆపితే రెండోది ఆగదు.

జాబితాలో ప్రతి యాప్‌కు ఒక హోదా ఇవ్వాలి. 'తప్పనిసరి' అంటే అది తనంతట తాను వచ్చి కూర్చుంటుంది, వాడేవారు తీసేయలేరు. 'అందుబాటులో' అంటే కావాలనుకున్నవారు వేసుకోవచ్చు. 'నిషేధం' అంటే రాదు, ఉంటే పోతుంది. కన్సోల్‌ను బట్టి మాటలు కొంచెం మారతాయి. తప్పనిసరి హోదాను పొదుపుగా వాడండి. మూడో నాలుగో చాలు.

దొడ్డిదారి ఒకటి మిగిలింది. యాప్‌ను ఆపినా క్రోమ్‌లో ఆ సైటు తెరుచుకుంటుంది. క్రోమ్‌కు కన్సోల్ నుంచి పంపే సెట్టింగులైన మేనేజ్డ్ కాన్ఫిగరేషన్‌లో యూఆర్‌ఎల్ బ్లాక్‌లిస్ట్ అనే గడి ఉంది. ఆ సైటు చిరునామాను అక్కడ రాయండి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైళ్లతో యాప్‌లు వేసుకోకుండా చేసే మీట వేరే. అది మొదటినుంచీ మూసే ఉంటుంది, దాన్ని కదపకండి.

ఉద్యోగి సొంత ఫోనులో పని యాప్‌లకు విడిగా ఒక భాగం, అంటే వర్క్ ప్రొఫైల్ పెట్టినప్పుడు ఈ జాబితా చిన్న బ్రీఫ్‌కేసు గుర్తున్న యాప్‌లకే వర్తిస్తుంది. అవతలి వైపు ఏ ఆటలు ఉన్నాయో మీకు కనిపించదు. యజమాని అడిగినా "అది కుదరదండీ" అని చెప్పేయండి. ఐఫోన్లలో ఇలాంటి జాబితాలు పనిచేయాలంటే ఫోను సూపర్‌వైజ్డ్ స్థితిలో, అంటే కంపెనీకి ఎక్కువ పట్టు ఉండే స్థితిలో ఉండాలి, ప్యాకేజీ పేరుకు బదులు బండిల్ ఐడీ ఇవ్వాలి. దానికి విడిగా ఒక పాఠం పెట్టుకుందాం.

ఇంటిపని: మీ పరీక్ష ఫోనును నిషేధ జాబితాకు మార్చి, ఇన్‌స్టాగ్రామ్‌ను చేత్తో వేసుకోండి. తర్వాత దానికి నిషేధం హోదా ఇచ్చి, అది మాయమయ్యేదాకా గడియారం చూడండి. అప్పుడు నోట్స్ యాప్ ఒకటి వేసి, నాలుగు మాటలు రాసి, అనుమతి జాబితాకు మార్చండి. ఆ నోట్స్‌ను జాబితాలో చేర్చి మళ్లీ తెప్పించి, మీరు రాసిన నాలుగు మాటలు ఉన్నాయో లేవో చూసుకోండి. 5వ పాఠంలో ఈ యాప్‌ల అప్‌డేట్లు ఎప్పుడు దిగాలో చూద్దాం.