మళ్లీ కథల్లోకి – మూడో పాఠం: చెవితో చదవడం

కిందటి పాఠంలో ఫోన్ పక్క గదిలో పెట్టి పావుగంట కూర్చోవడం సాధన చేశాం. అది కుదిరాక చాలామందికి ఇంకో చిక్కు వస్తుంది. రెండు పేజీలు తిప్పుతారు, ఏం చదివారో గుర్తుండదు. వయసు మీద పడిందని టెన్షన్ పడకండి. రోజంతా మనం చదివేవి మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు, బిల్లులు. వాటిలో పనికొచ్చే ముక్క ఏరుకుని మిగతాది వదిలేస్తాం. కథ దగ్గరా కన్ను అదే పని చేస్తుంది. తీరా చూస్తే కథలో మనం వదిలేసిన దాంట్లోనే అసలు సంగతంతా ఉంటుంది.

తెలుగు కథల దగ్గర ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. మన గొప్ప కథకుల్లో చాలామంది బడి పుస్తకాల భాషలో రాయలేదు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి కథల్లో ఉత్తరాంధ్ర పలుకు వినిపిస్తుంది. నామిని కథల్లో చిత్తూరు పల్లె మాట, దాశరథి రంగాచార్య నవలల్లో తెలంగాణ మాట. పేపరు భాషకు అలవాటుపడ్డ కన్ను వీటి దగ్గర తడబడుతుంది. 'ఈ భాష నాకు రాదు' అని పుస్తకం మూసేసేది ఇక్కడే.

ఒక మాట చూడండి. ఈ పాఠం కోసం నేను కట్టిందే:

"ఏటలాగ నిల్సుండిపోనావు? నానేటన్నానని?"

ఒకసారి కళ్లతో చదవండి. ఇప్పుడు పైకి చదవండి. శ్రీకాకుళం ఎప్పుడూ చూడని వాళ్లకు కూడా రెండోసారికి అర్థమైపోతుంది. అంతటితో ఆగొద్దు. ఈ మాట అన్న మనిషి నొచ్చుకుందా, వెక్కిరిస్తోందా, తప్పు చేసి బుకాయిస్తోందా? మూడు రకాలుగానూ అని చూడండి. ప్రతిసారీ ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా మారిపోతాడు. చిన్నప్పుడు తెలియకుండానే చేసిన పని ఇదే. పెద్దయ్యాక కావాలని చేయాల్సి వస్తోంది, అంతే.

సాధన ఇలా చేయండి. కథ మొదటి రెండు పేజీలు గొంతు తగ్గించి పైకి చదవండి. ఇంట్లో సిగ్గనిపిస్తే డాబా ఎక్కండి. (ఒకప్పుడు వారపత్రిక రాగానే ఒకరు సీరియల్ పైకి చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరి వినే ఇళ్లుండేవి. అక్కడ ఎవరికీ సిగ్గు లేదు.) పాత్రలకు మీకు తెలిసినవాళ్ల గొంతులు ఇచ్చేయండి: మేనత్తది ఒకరికి, ఆఫీసు మేనేజరుది ఇంకొకరికి. తెలియని పదం వస్తే నిఘంటువు జోలికి పోకండి, నాలుగు వాక్యాలు దాటితే అదే తెలుస్తుంది. గొంతులు మనసులో పడ్డాక మౌనంగా చదువుకోవచ్చు.

ఆడియో కథలు వింటే సరిపోదా అని అడుగుతారు. వినండి, మంచిదే. కాకపోతే అక్కడ ఏ గొంతు వాడాలో వేరెవరో తేల్చేసి ఉంటారు. ఈ పాఠంలో మనం నేర్చుకునేది ఆ తేల్చుకోవడమే. అందుకని ముందు మీరు చదివి, తర్వాత వినండి.

ఈ వారం పని: మీ ఊరి మాటలో రాసిన కథ ఒకటి, మీకు బొత్తిగా అలవాటు లేని ప్రాంతం మాటలో రాసిన కథ ఒకటి లైబ్రరీ నుంచి తెచ్చుకోండి. రెండోది ముందు చదవండి. వచ్చే పాఠంలో నవల మొదలుపెడతాం, మధ్యలో ఆపేసిన నవలను ఎక్కణ్నుంచి అందుకోవాలో కూడా చూద్దాం.